కోహీరు కట్ట

గడి దొరకు ఆ యేడు రైలు పిచ్చి పట్టుకుంది. దొరలకు పిచ్చి పట్టడం కొత్తేమీ కాదు. అంతకుముందు యేడు పావురాల పిచ్చి, దానికి ముందు గ్రామఫోను పిచ్చి. పావురాలను పిల్లులు తిన్నాయి, గ్రామఫోను గొంతు బొంగురుపోయింది. పిచ్చి ఏదైనా దొరది, చాకిరీ మాత్రం ఊరిది. ఈసారి బొంబాయి నుంచి చెక్కపెట్టెల్లో ఒక బొమ్మ రైలు దిగింది. బొమ్మ అంటే జాతరలో దొరికే లక్కబొమ్మ లాంటిది కాదు. దాని కడుపులో నీళ్లు పోసి, కింద స్పిరిట్ దీపం ముట్టిస్తే, నీళ్లు మరిగి ఆవిరి పట్టి, తనంతట తానే ఉరుకుతుందట. కూత కూడా వేస్తుందట. నారాయణఖేడ్‌కు నిజం రైలే లేదు. రైలు చూడాలంటే బండి కట్టుకుని జహీరాబాదు దాకా పోవాలి. అలాంటి ఊళ్లో, గడి వెనక జామతోటలో, రైలు పట్టాలు పడుతున్నాయంటే జనం నోళ్లు వెళ్లబెట్టారు.

పట్టాలు వేయించడానికి హైదరాబాదు నుంచి ఎల్లయ్య అనే ఫిట్టరు వచ్చాడు. రైలు కార్ఖానాలో పనిచేసి మానేసిన మనిషి. చెవిలో ఎప్పుడూ సగం కాల్చిన బీడీ ఉండేది. మట్టి మోయడానికీ కంకర కొట్టడానికీ ఊళ్లోంచి మనుషుల్ని వెట్టికి పిలిచారు. కంది కోతల రోజులు. చేనులో కాయ పగిలి గింజ నేలరాలుతున్నా సరే, గడి పిలుపు వస్తే కొడవలి గట్టున పెట్టి రావలసిందే. అలా వచ్చిన వాళ్లలో ఆనందమ్మ ఒకతె. మిషన్ గుడి వెనక వాడలో ఉండేది. యాభై దాటిన మనిషి, ఒంటరి మనిషి, మాట తక్కువ.

ఆమెకు కంకర పని పడింది. ఎల్లయ్య ఒక రాయి ముక్క తెచ్చి అరచేతిలో పెట్టి చూపించాడు.

"అవ్వా, కంకర శెనగ గింజంతనే ఉండాలె. జెర పెద్దగున్నా గా రైలుకు బండరాయి లెక్క అడ్డం పడ్తది."

ఆనందమ్మ ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసింది. తర్వాత నాపరాయి ముందు కూలబడి, చిన్న సుత్తె తీసుకుని మొదలుపెట్టింది. రాయిని ఎడమచేతి వేళ్లతో నిలబెట్టి, సుత్తెతో కొట్టీ కొట్టనట్టు కొట్టేది. గట్టిగా కొడితే పిండి అవుతుంది, మెల్లగా కొడితే పగలదు. కుప్ప అయ్యాక చేటలోకి ఎత్తి చెరిగింది. దుమ్ము ముందుకు ఎగిరిపోయింది. నూకరాళ్లు చేట అంచుకు చేరాయి. శెనగ గింజంతవి వెనక్కి వచ్చి ఆమె బొటనవేళ్ల దగ్గర ఆగాయి.

ఎల్లయ్య పకపకా నవ్వాడు. "కంకరను చెరుగుడు నేనేడ సూడలే అవ్వా!"

"ఇన్నేండ్లు బియ్యంల రాళ్లు ఏరినం. ఇప్పుడు రాళ్లల్ల రాళ్లు ఏర్తున్నం. గంతే గద," అంది పక్కన తట్ట పట్టుకుని నిలబడ్డ సంగమ్మ. ఆమె ఆనందమ్మ కంటే చిన్నది, తోటలో నీళ్లు పెట్టే మనిషి. నోరు ఊరుకోదు.

ఆనందమ్మ నవ్వలేదు. చేట కింద పెట్టి, ఇంతసేపూ గొంతులో పెట్టుకున్న మాట అడిగింది.

"మేస్త్రీ, బీదరు లైను నువ్వు చూసినవా?"

"ఎందుకు సూడలే? ఆ లైను మీద ఇంజన్లకు మరమ్మతు చేసినోణ్ని."

"కోహీరు కాడ పెద్ద కట్ట ఉన్నదట గద."

"ఉన్నది. కోహీరు దాటంగనే వస్తది. దాని మీదికెల్లి పోతుంటే చెట్ల కొసలు కిందికి కనబడ్తయి. నీకెట్ల ఎరుక?"

"నా కొడుకు ఆడ మట్టి మోసిండు. హనోకు అని." ఆమె మళ్లీ సుత్తె అందుకుంది. "గత్తర రోగం వచ్చి ఆన్నే పోయిండు. కట్ట పక్కకే పూడ్చినమని ఎంబడి పోయినోళ్లు వచ్చి చెప్పిండ్రు."

ఎల్లయ్య చెవిలోని బీడీ తీసి, ముట్టించకుండా మళ్లీ చెవిలోనే పెట్టుకున్నాడు.

"రైలు ఎట్లుంటది మేస్త్రీ?" అని అడిగింది ఆనందమ్మ. "నేనెన్నడు సూడలే. దేనికోసం పోయిండో గది ఒక్కపారి కండ్లార సూడాలె."

"గిదేం పెద్ద ముచ్చట అవ్వా. నాలుగు దినాలైతే గీ తోటల్నే సూస్తవు. చిన్నదే గని, పెద్దదాని లెక్కనే ఉంటది."

ఆ మాట ఆనందమ్మకు అన్నం పెట్టినట్టయింది.

అయితే రైలు గడి లోపల పెద్ద హాలులో ఉంది. మంచం మీద పరిచి మల్లుగుడ్డ కప్పి ఉంచారట. హాలు మాట అటుంచి, హాలు ముందున్న వరండా మెట్టు కూడా వాడ మనుషులు తొక్కడానికి వీల్లేదు. తోటలో మట్టి ఆమెది, పట్టా ఎల్లయ్యది, రైలు దొరది. ఆ మూడూ కలిసే చోట ఆమెకు చోటు లేదు. అప్పటికి ఆ సంగతి ఆమెకు తట్టలేదు. పనిలో పడిపోయింది.

పని అలాంటిది మరి! పట్టా బావి దగ్గర మొదలై జామచెట్ల మధ్య నుంచి పోయి, ఒక మట్టిదిబ్బ కడుపులో దూరి, అవతల తేలి, మోట కాలువ మీద వంతెన దాటి, గుండ్రంగా తిరిగి మళ్లీ బావి దగ్గరికే వస్తుంది. దిబ్బకు సొరంగం తవ్వారు. వంతెనకు టేకుపుల్లలు చెక్కారు. స్టేషనుకు కుమ్మరి వాళ్లు గోరంత పెంకులు కాల్చి ఇచ్చారు. చూస్తూ చూస్తుండగా, రోజూ నీళ్లు పారించే అదే నేల మీద కొండలూ లోయలూ ఊళ్లూ వచ్చాయి. సంగమ్మ తట్ట దించి నడుముకు చేతులు పెట్టుకుని, "అత్తా, దేవుడు లోకాన్ని గిట్లనే చేసిండా ఏంది?" అంది. ఆనందమ్మకు నవ్వు వచ్చింది, గుండె కూడా జల్లుమంది. ఆరు దినాల్లో చేసి ఏడో దినం విశ్రాంతి తీసుకున్న దేవుడు చేతులకు మట్టి అంటుకుంటే ఎలా కడుక్కున్నాడో అని ఆమెకు అనుమానం వచ్చింది. పాస్టరయ్యను అడిగితే కోప్పడతాడు.

కాలువకు ఇటు పక్కన నేల పల్లంగా ఉంది. అక్కడ మోకాలెత్తు కట్ట పోయాలన్నాడు ఎల్లయ్య. ఎవరూ చెప్పకుండానే ఆ పని ఆనందమ్మ తన మీద వేసుకుంది. చెరువు గడ్డ నుంచి ఎర్రమట్టి తెచ్చి, పొర పొరకూ నీళ్లు చిలకరించి, దిమ్మిసతో కొట్టింది. దిమ్మిస కింద మట్టి మొదట డుబుక్కుమంటుంది. గట్టిపడేకొద్దీ టంగుమంటుంది. టంగుమనేదాకా ఆమె వదలలేదు. తట్ట నెత్తిన పెట్టుకున్నప్పుడల్లా కొడుకు నెత్తిన తట్ట గుర్తుకొచ్చేది. ఏడుపు రాలేదు. ఇన్నేళ్లుగా కొడుకు ఏం చేస్తూ పోయాడో ఊహకు అందక గింజుకున్న మనసుకు, ఇదిగో ఇలా చేశాడు, ఇలా వంగాడు, ఇలా పోశాడు అని చేతులే చెబుతుంటే, ఏదో తెలియని నెమ్మది కలిగింది. ఆ కట్టకు కోహీరు కట్ట అని మనసులో పేరు పెట్టుకుంది. తర్వాత సంగమ్మ కూడా అలాగే పిలిచింది.

శనివారం పొద్దుగూకే వేళకు పట్టా పూర్తయింది. ఆదివారం ఆనందమ్మ గుడికి పోయింది. సోమవారం తోటకు వచ్చేసరికి సంగమ్మ ఎదురొచ్చింది.

"నువ్వాడ పాటలు పాడుకుంట కూసున్నవు. ఈడ రైలు ఉరికింది అత్తా!"

ఆనందమ్మ నిలబడిపోయింది. ఆదివారం దొర ఆత్రం ఆపుకోలేక రైలును ఒకసారి తిప్పించి చూశాడట. సంగమ్మ మామిడిచెట్టు వెనక నక్కి చూసింది.

"ఎట్లున్నది?"

"అబ్బో! పిల్లి అంత ఉన్నది. నల్లగ మెరుస్తది. బుస్సుబుస్సుమంటది. చారు మసిలినట్టు మసుల్తది. ఒక్క కూత పెట్టింది సూడు, నా పానం పైకి పోయింది!"

"ఇంకా?"

"ఇంకేంది? పోయింది, వచ్చింది."

ఇంత పెద్ద సంగతిని పోయింది వచ్చింది అనే రెండు మాటల్లో తేల్చేసిన సంగమ్మ మీద ఆనందమ్మకు పట్టరాని కోపం వచ్చింది. సంగమ్మ అది కనిపెట్టి, ఎలా చెప్పాలో తెలియక, చెప్పక తప్పదు కనుక అసలు మాట బయటపెట్టింది.

"రేపు తాలూక్‌దారు సాహెబు వస్తుండట. ఆయన ముందట తిప్పుతరు. మనల్నందర్ని గోడ బయట నిలబెడ్తరట అత్తా. సాహెబుల ముందట మన మొఖాలు కనబడొద్దట."

ఆనందమ్మ నడుచుకుంటూ కోహీరు కట్ట దగ్గరికి పోయి కూర్చుంది. సాహెబు చూశాక రైలు మళ్లీ హాలులోకి పోతుంది. ఆ తర్వాత దొర ఎప్పుడు తిప్పుతాడో, తన వంతు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. నిజం కట్ట కట్టినవాడు రైలు చూడకుండానే పోయాడు, బొమ్మ కట్ట కట్టినది బొమ్మ రైలుకూ నోచుకోదు. ఇదేం రాత తండ్రీ అని దేవుణ్ని గట్టిగానే అడిగింది. జామచెట్టు మీది చిలుకలు ఎగిరిపోయాయి.

అప్పుడు కట్ట మీదికి చూపు పోయింది. ఆదివారం రైలు ఉరికిన అదురుకో, కుక్కల తొక్కుడుకో, పట్టాల మధ్య పరిచిన కంకర జారి కట్ట కిందికి పడి ఉంది. చక్కటి కట్ట బోడిగా, గీరుకుపోయినట్టు కనబడింది. ఆనందమ్మ మనసు ఒప్పలేదు. కొత్తగా పోసిన మట్టిని అలా వదిలేసే ఆడది ఎవరు ఉంటుంది? అరుగు కట్టినా అలుకుతాం, గాదె కట్టినా అలుకుతాం. గుడి వెనక సమాధులను పండగకు ముందు అలకని ఇల్లు వాడలో లేదు. తన కొడుకు సమాధిని మాత్రం ఒక్కసారి కూడా అలకలేదు. అది ఎక్కడుందో ఆమెకు తెలిస్తే కదా.

"నేను చూడకున్నా నా కట్ట చూస్తది గద," అనుకుని లేచింది.

కొష్టంలోంచి పేడ తెచ్చి ఎర్రమట్టితో కలిపి, జారిన కంకరను మళ్లీ పరిచి, దాని మీద మెత్తింది. పట్టాల మధ్య సందు వదలకుండా నింపింది. చేత్తో నిమిరి, నున్నటి గుండ్రాయితో రుద్ది, పట్టా పైఅంచుతో సరిసమానంగా ఆ అరచేయంత వెడల్పు నేల మెరిసేలా చేసింది. ఎక్కడైనా పట్టా మీద మట్టి మరక పడితే కొంగుతో తుడిచింది. బండి చక్రం పట్టా మీదనే కదా ఉరికేది, పట్టా శుభ్రంగా ఉండాలి. పనయ్యాక దూరం జరిగి చూసింది. కట్ట కళకళలాడుతోంది. ఎల్లయ్య ఆ పూటంతా హాలులో ఇంజను తోముతూ ఉండిపోయాడు. సంగమ్మ ఒక్కతే వచ్చి చూసి, "ఇల్లలకంగనే పండుగైతదా అత్తా?" అని నిట్టూర్చి పోయింది.

మరునాడు మధ్యాహ్నం తాలూక్‌దారు సాహెబు మోటారులో వచ్చాడు. ఆయన వెంట తుపాకీ ఒకటి, నౌకర్లు నలుగురు. తోట నిండా కుర్చీలు వేశారు. గడి మేడ మీద కిటికీకి వెదురు చిక్కు తెర దించారు. గడిలో గోషా ఉంది. దొరసాని పరాయి మగవాళ్ల కంట పడదు. చూసేదేమైనా ఉంటే ఆ చిక్కు సందుల్లోంచే చూడాలి. వెట్టి మనుషులందరినీ గోడ బయటికి తోలి దర్వాజా వేశారు.

ఆనందమ్మ గోడకు చెవి ఆనించి నిలబడింది. మొదట మాటలు, నవ్వులు. తర్వాత అంతా చప్పబడింది. ఆ నిశ్శబ్దంలోంచి, సన్నగా, నిండుగా, ఒక కూత లేచింది. ఆనందమ్మ ఒళ్లంతా పులకరించింది. ఆ కూతకు వాడ పిల్లలు గెంతులు వేశారు. చప్పుడు బావి దగ్గర మొదలైంది, జామచెట్ల మధ్య నుంచి సాగింది, సొరంగంలో మాయమైంది, మళ్లీ తేలింది. ఇప్పుడు వంతెన. ఇప్పుడు కట్ట!

కరకరమని ఒక చప్పుడు. దభీమని ఇంకొకటి. తర్వాత అరుపులు.

రైలు కోహీరు కట్ట ఎక్కగానే అడుగు తప్పి, పట్టా దిగి, పక్కకు దొర్లి కట్ట కింద పడింది. దీపంలోని స్పిరిట్ ఒలికి ఎండుటాకులు అంటుకున్నాయి. నౌకర్లు కుర్చీల మీది దుప్పట్లు లాగి మంట ఆర్పారు. దొర అరుపులు గోడ దాటి వినబడ్డాయి.

"ఎవరు అలికిండ్రు గిది? పట్టాలల్ల పేడ మెత్తింది ఎవరు? ఎల్లయ్యా, చెప్తవా లేదా?"

ఎల్లయ్య గొంతు వినబడలేదు. చెప్పలేక ఊరుకున్నాడో, చెప్పొద్దని ఊరుకున్నాడో. సంగమ్మ ఆనందమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఊకో అత్తా, కదలకు." ఆనందమ్మ చెయ్యి విడిపించుకుంది. తాను ఊరుకుంటే దెబ్బలు ఎల్లయ్య మీద పడతాయి. దర్వాజా తోసుకుని లోపలికి పోయి, నేలకు తల ఆనించింది.

"నేనే దొరా. నీ బాంచెన్. కంకర జారుతుంటే మంచిగుండాల్నని అలికిన."

తల ఎత్తలేదు కనుక ఆమెకు బూట్లే కనబడ్డాయి. రైలును అప్పటికే గుడ్డలో చుట్టి లోపలికి తీసుకుపోయారు. కాలిన ఆకుల వాసన, నూనె వాసన మిగిలాయి. దొర చేతిలోని బెత్తం గాలిలో లేచిన చప్పుడు విని వీపు బిగించింది. అంతలో తాలూక్‌దారు సాహెబు కడుపు పట్టుకుని నవ్వాడు. ముసలిది రైలుకే అలుకు పెట్టింది, ఇంత వింత హైదరాబాదులో కూడా చూడలేదని ఉర్దూలో అన్నాడు. ఆ నవ్వుతో బెత్తం దిగిపోయింది గానీ దొర ముఖం నల్లబడిపోయింది. బెత్తం దెబ్బకంటే నవ్వు దెబ్బ ఆయనకు ఎక్కువ తగిలింది.

"రేపు పొద్దున్నించి గీ పట్టా అంత పీకి పారెయ్యాలె," అన్నాడు పళ్ల బిగువున. "ఇంకెవ్వరు గాదు. నువ్వే పీకాలె. నేను మనూరు వేట నుంచి వచ్చేటాలకు గీ తోట తోట లెక్క ఉండాలె."

బుధవారం పొద్దున దొర, సాహెబుతో కలిసి వేటకు మనూరు వైపు పోయాడు. ఆనందమ్మ గడ్డపార భుజాన పెట్టుకుని తోటకు వచ్చింది. చూడాలనుకున్న దాన్ని చూడకుండానే పాడుచేసింది. ఇప్పుడు తన చేతులతోనే తవ్వి పారేయాలి. బావి దగ్గర మొదటి పట్టా కిందికి గడ్డపార దింపబోయింది.

"ఆగు," అని మేడ మీది నుంచి వినబడింది.

చిక్కు వెనక ఎవరో నిలబడ్డారు. ఎవరో ఏమిటి, దొరసాని. ఆ గొంతు ఆనందమ్మ పండగలకు గడి పెరట్లో పప్పు దంచుతున్నప్పుడు దూరం నుంచి విన్నదే.

"గా కట్ట నువ్వే పోసినవా?"

"నేనే దొరసానీ."

"మరి పోసిన చేతుల్తోనే ఎందుకు ఖరాబు చేసినవు?"

ఆనందమ్మకు అబద్ధం చెప్పడం రాలేదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. చివరికి కొడుకు సంగతి చెప్పింది. కోహీరు సంగతి చెప్పింది. సమాధి అలకని సంగతి చెప్పింది. చెప్పి, గడ్డపార ఎత్తి మళ్లీ వంగింది.

"దొర పీకమన్నడు," అంది దొరసాని. "పీకే ముందట ఒకపారి తిప్పొద్దని అన్లేదు గద. ఎల్లయ్యను పిలువు."

ఆ మాట విని ఎల్లయ్య ఉరుకుతూ వచ్చాడు. ఇంజను గొట్టం సొట్టపోయింది కానీ పనిచేస్తుందన్నాడు. ముందు పట్టా బాగు కావాలి. ఇంజనును గుడ్డలోంచి తీసి, బోర్లా తిప్పి ఆనందమ్మ ముందు పెట్టాడు. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది.

"భయపడకు, సల్లగనే ఉన్నది. గీ చక్రం సూడు అవ్వా. లోపలి దిక్కు అంచు ఉన్నది, సూసినవా? గీ అంచు పట్టాకు లోపట కిందికి దిగి ఉర్కాలె. గందుకే రైలు పట్టా దిగి పోదు. నువ్వు గా జాగంత నింపినవు. అంచు పెట్టెటందుకు జాగ లేక ఎగిరి పడ్డది."

ఆనందమ్మ వంగి చూసింది. నిజమే. రూపాయి బిళ్లంత చక్రానికి సన్నటి పెదవిలాంటి అంచు ఉంది. "బండి చక్రానికి గిట్ల ఉండదు గద," అంది.

"ఉండదు. నీ తప్పేం లేదు. ముందుగాల చక్రం సూపియ్యకుండ పట్టా పని చేపిచ్చినం. తప్పు మాది." ఎల్లయ్య ఇంజను తీసుకుని లేచాడు. "చీపురుపుల్లతోని అంచు జాగ మట్టుకు గీకు. కడమది ఉండనీ, మంచిగనే పట్టింది."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చీపురుపుల్లతో పట్టా వెంబడే తన అలుకును తానే గీకింది. ఎండి గట్టిపడ్డ మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచింది. ఆమె పుల్ల అరిగితే సంగమ్మ ఇంకో పుల్ల అందించింది. కట్ట పొడవునా రెండు సన్నటి గాడులు తేలాయి.

అప్పుడు దొరసాని తోటలోకి దిగింది. పగటిపూట ఆమెను తోటలో చూడడం ఆనందమ్మకు అదే మొదలు. పాతికేళ్లు దాటని పిల్ల. ఎండ కళ్లల్లో పడి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోషా మనిషి తోటలోకి వస్తుంది కనుక ఎల్లయ్య అంతకుముందే ఇంజనులో నీళ్లు పోసి, దీపం ముట్టించి, పట్టా మీద నిలబెట్టి, గోడ బయటికి పోయాడు. అక్కడి నుంచి కేకలు వేస్తున్నాడు.

"అవ్వా, ముల్లు ఎర్రగీత కాడికి వచ్చిందా?"

"వచ్చింది!"

"అయితే గా ఇత్తడి పిడి మెల్లగ ముందటికి దొబ్బు!"

ఆనందమ్మ పిడి వైపు చూసి, దొరసాని వైపు చూసింది. దొర సొమ్ము తాను ముట్టుకోవడమా?

"నేను పట్టుకుంటే చేతులు కాల్తయి," అంది దొరసాని. "నీ చేతులు కంకర కొట్టిన చేతులు. పట్టుకో. తర్వాత ఎల్లయ్య కడుగుతడు తీ."

కడుగుతాడన్న మాట ఆనందమ్మకు తగలకపోలేదు. కానీ ఆ పూట దేన్నీ మనసుకు పట్టించుకునే స్థితిలో ఆమె లేదు. రెండు వేళ్లతో పిడిని నెట్టింది. కింద ఏదో బుస్సుమంది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కునేలోపే చక్రాలు కదిలాయి.

కదిలాయంటే కదిలాయి! ఎవరూ లాగలేదు, ఎవరూ తోయలేదు. ఎద్దు లేదు, తాడు లేదు. నల్లగా నిగనిగలాడుతూ, తెల్లటి ఊపిరి వదులుతూ, వెనక మూడు డబ్బాలను లాక్కుంటూ అది జామచెట్ల నీడలోకి సాగిపోయింది. సంగమ్మ తట్ట ఎత్తి చంకన పెట్టుకుని నోరు తెరిచి నిలబడింది. ఆనందమ్మ దాని వెంబడి నడిచింది, తర్వాత ఉరికింది. ఎప్పుడు ఉరికిందో ఆమెకే గుర్తులేదు, మోకాళ్ల నొప్పి ఏమైందో తెలియదు. అది సొరంగంలో దూరితే అవతలి మూతి దగ్గరికి పోయి నిలబడింది. చీకటిలోంచి ముందు ఊపిరి వచ్చింది, తర్వాత వెలుగు వచ్చింది, తర్వాత అది వచ్చింది. తండ్రీ, మనుషులు దీన్ని చేశారా!

వంతెన దాటింది. కట్ట ఎక్కుతోంది.

ఆనందమ్మ కట్ట పక్కన బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించింది. అక్కడి నుంచి చూస్తే అది బొమ్మ కాదు. ఆకాశమంత ఎత్తు కట్ట మీద నిజం రైలు. పట్టా సన్నగా పాడింది. మట్టి ఆమె చెంప కింద గడగడలాడింది, కానీ ఒక్క రవ్వ జారలేదు. బరువంతా ఆమె పోసిన మట్టి మీది నుంచి పోయింది. మట్టి మోసింది. అంతే, అంత సునాయాసంగా మోసింది. తట్ట తట్టగా మోసిన మట్టి, ఇప్పుడు అదే మోస్తోంది. ఆమె గొంతులోంచి ఏదో పెద్ద చప్పుడు వచ్చింది. ఏడుపో నవ్వో పక్కన నిలబడ్డ దొరసానికి తెలియలేదు.

రైలు మరో చుట్టు మొదలుపెట్టింది. దొరసాని కూడా, పట్టుచీర మట్టి అవుతుందని చూసుకోకుండా, కట్ట పక్కన గొంతుకూర్చుంది.

"నేను గూడ గింత దగ్గర్నించి గిప్పుడే చూస్తున్న," అంది మెల్లగా.

ఆనందమ్మ తల తిప్పి చూసింది.

"పెండ్లైనంక రైలుల్నే వచ్చిన. వికారాబాదుల సవారీ కాడికెల్లి డబ్బా దాక రెండు దిక్కుల దుప్పట్లు అడ్డం పట్టి ఎక్కిచ్చిండ్రు. కిటికీలు మూసిండ్రు. జహీరాబాదుల మళ్ల దుప్పట్లు పట్టి దించిండ్రు. దుప్పట్ల రంగు యాదికున్నది. రైలు రంగు తెల్వది నాకు."

ఆనందమ్మ లేచి కూర్చుంది. ఆమెకు లోకంలో ఊళ్లు ఎక్కువ తెలియవు. తెలిసిన ఒక్క దారి మాత్రం వేలి కొసల మీద ఉంది.

"మరి కోహీరు మీదికెల్లే వచ్చినవా దొరసానీ?"

"వచ్చే ఉంట. కోహీరు కోహీరు అని ఎవరో బయట ఒర్లిండ్రు."

వాడ మనిషి దొరసానిని ప్రశ్న అడగదు. అడిగితే ఏమవుతుందో ఆనందమ్మకు తెలుసు. అయినా ఇన్నేళ్లలో ఆ కట్ట మీది నుంచి పోయిన మనిషి ఒక్కరు కూడా ఆమె ఎదుట కూర్చోలేదు.

"కోహీరు దాటంగనే కట్ట ఉంటది. ఆడ రైలు ఊగిందా? కుదిపిందా? ఎట్లున్నది దొరసానీ?"

దొరసాని కళ్లు చిట్లించి గుర్తు చేసుకుంది. రైలు సొరంగంలోకి పోయి, చప్పుడు చిన్నదయింది.

"మా అమ్మను ఇడిసి వచ్చిన గద, ఎక్కినప్పటి సంది ఏడుస్తనే ఉన్న. ఎవరు చెప్పినా ఊకోలే. కోహీరుల ఆగి మళ్ల కదిలింది, గది యాదికున్నది. ఆడికెల్లి ఏం తెల్వది." ఆమె కొంచెం సిగ్గుపడినట్టు నవ్వింది. "నిద్ర పట్టింది. జహీరాబాదుల లేపితే లేచిన."

ఆనందమ్మ ఆ మాటను మనసులో మళ్లీ చెప్పుకుంది. తల్లిని విడిచిన పిల్ల, ఏడ్చి ఏడ్చి, తన కొడుకు పోసిన మట్టి మీదికి రాగానే నిద్రపోయింది. ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ చేతుల వెనక నుంచే, ఎదుట ఉన్నది దొరసాని అన్న సంగతి మరిచి, మళ్లీ అడిగింది.

"మంచిగ పట్టిందా బిడ్డా, నిద్ర?"

"మంచిగ పట్టింది," అంది దొరసాని.